తలుపు తీసినవాళ్ల లెక్క

నారాయణఖేడ్
12 సెప్టెంబర్ 2010

సంతోషమ్మ వదినెకు కృప వందనాలు.

సెల్‌ఫోన్ల కాలంలో ఈ పిల్లకు ఉత్తరాల పిచ్చి పట్టిందేమిటని నవ్వకు. మీ ఇంటికున్న ఒక్క ఫోన్ మా అన్న జేబులో ఉంటుంది. ఎప్పుడు చేసినా "మీ వదినె మంచిగనే ఉంది, నువ్వడిగినవని చెప్త తియ్" అని పెట్టేస్తాడు. నువ్వు మంచిగా ఉన్నావో లేదో నీ నోటితో విని ఎన్నాళ్లయిందో. పోస్ట్‌మాన్ పగటిపూట వస్తాడు, ఆ వేళకు అన్న కంపెనీలో ఉంటాడు. కాబట్టి ఇది నేరుగా నీ చేతికే అందుతుందని నా ధీమా.

కాలేజీలో నాకు కొత్త తలనొప్పి మొదలైంది. బీఏ మూడో ఏడు పిల్లలకు జనాభా లెక్కలు పెట్టుకుని విశ్లేషణ నేర్పాలి. 2001 లెక్కలు ఊరూరికీ విడివిడిగా ఉన్న సీడీ ఒకటి సంపాదించాను. పని చేసే కంప్యూటర్ ఒకటే ఉంది, అది కూడా కరెంటు దయ. కరెంటు పోయినప్పుడు చార్ట్ పేపర్ మీద స్కేలు పెట్టి గీతలు గీస్తున్నాం. మొగులయ్య అని సిర్గాపూర్ నుంచి వచ్చే పిల్లవాడున్నాడు. మొదటి రోజే లేచి నిలబడి, "మేడం, చదువొచ్చినోళ్లు అన్ని ఊళ్లకంటె ఎక్కువ నారాయణఖేడ్ల ఉన్నరు. ఇగ ప్రాజెక్టు అయిపాయె" అన్నాడు. జనం కూడా ఇక్కడే ఎక్కువ కదరా అంటే, "గది గూడ చూడాల్నా?" అని నోరు వెళ్లబెట్టాడు. ఊళ్లను పోల్చాలంటే ముందు నూటికి ఎంతమందో కట్టాలని నేర్పేసరికి నా గొంతు పోయింది.

ఇప్పుడు ఒక చిక్కుముడి దగ్గర ఆగిపోయాం. మనూర్ దాటాక పక్కపక్కనే రెండు ఊళ్లున్నాయి. క్లాసులో వాటిని పై ఊరు, కింది ఊరు అంటున్నాం. రెంటిలోనూ అదే నల్లరేగడి, అదే కంది, అదే జొన్న. పై ఊళ్లో నూరుమంది ఆడవాళ్లలో యాభై ఎనిమిది మంది పని చేస్తారని లెక్కల్లో ఉంది. కింది ఊళ్లో తొమ్మిది మందేనట! తల గోక్కుంటున్నాం. నీకేమైనా తడితే రాయి.

అసలు సంగతి చివరికి దాచాను. మళ్లీ నారాయణఖేడ్ వచ్చేద్దామనుకుంటున్నామని అన్న ఫోన్‌లో చెప్పాడు. నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. మా ఇంటి ఓనరు సుగ్రా బీ దగ్గర వెనక పోర్షన్ ఖాళీగా ఉంది. మన పాప షైనీని ఇక్కడ బడిలో వేద్దాం. అన్నకు ఏదో ఒక పని దొరక్కపోదు. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు, ఎక్కడున్నా నీకొకటే కదా.

నీ ఆడిబిడ్డ
కృప


పటాన్‌చెరు
3 అక్టోబర్ 2010

పంతులమ్మ కృపకు దీవెనలు.

జవాబు ఆలస్యమైనందుకు బెత్తం తీయకు. బతుకమ్మ పండుగ ముందర ఈ వీధిలో ఆడవాళ్లందరికీ ఒకేసారి జాకెట్లు కావాలి. మిషన్ మీద నుంచి లేస్తే కాళ్లు ఇంకా తొక్కుతున్నట్టే ఉంటున్నాయి.

నీ ఉత్తరం మీ అన్నే అందుకున్నాడు. "నీ దోస్తు రాసింది" అని తెచ్చి నా ఒళ్లో వేశాడు. విప్పి చదవలేదులే, భయపడకు.

నీ రెండూళ్ల చిక్కుముడి నాకొక క్షణంలో విడిపోయింది. కింది ఊరి ఆడవాళ్లు రాణులై ఉంటారు. పొద్దున లేచి తల దువ్వుకుని, మొగవాళ్లు వండి పెడితే తినడమే వాళ్ల పని. అంత మంచి ఊరు పక్కనే పెట్టుకుని నువ్వింకా పెళ్లి చేసుకోకుండా ఎందుకున్నావు? పిల్లగాడిని వెతుకు, నేను అక్షింతలు తెస్తాను.

రావడం గురించి అడిగావు. నాకేం, పెట్టె సర్దుకుని గడపలో కూర్చున్నాననుకో. ఇక్కడ నాకున్న పనేమిటి, గోళ్లు గిల్లుకోవడం తప్ప? అయితే ఒకటి రెండు సంగతులు చెప్పు. ఆ వెనక పోర్షన్‌కు రోడ్డు వైపు తలుపు ఉందా? పగటిపూట కరెంటు ఎంతసేపు ఉంటుంది? నలుగురు వచ్చి వాకిట్లో నిలబడితే సుగ్రా బీకి కోపమొస్తుందా?

షైనీకి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. అత్త పోలికట. నా పోలిక ఏదైనా కనిపిస్తే రాస్తాను.

సంతోషమ్మ


నారాయణఖేడ్
14 నవంబర్ 2010

వదినెకు,

పెట్టె సర్దుకుని కూర్చున్నానని రాశావు చూడు, ఆ మాట చదివి సుగ్రా బీకి కూడా వినిపించాను. ఆమె ఎంత సంబరపడిందో! నువ్వడిగినవన్నీ ఆమెనే అడిగి రాస్తున్నాను. రోడ్డు వైపు తలుపు లేదు, వాకిలి దాటి లోపలికి రావాలి. "మీ వదినెకు ఏం పరేషాన్ ఉండది బిడ్డా. ఒక్క మనిషి గిటు తొంగి చూడడు. దర్వాజా పెట్టుకొని ఆరాంగ పండుకోవచ్చు" అంది. పగలు కరెంటు ఉండదు కానీ రాత్రి ఫ్యాను తిరుగుతుంది. నీకంతకన్నా ఏం కావాలి? గోడలకు సున్నం కూడా వేయించేశాను.

అన్నట్టు, పోస్ట్‌మాన్ వచ్చే వేళకు అన్న ఇంట్లో ఉన్నాడంటే సెలవు పెట్టాడన్నమాట! పండుగ ముందర పెళ్లాం జాకెట్లు కుడుతుంటే పక్కన కూర్చోవడానికి సెలవా? ఇంత సరసం మా అన్నకు ఉందనుకోలేదు.

కింది ఊరి గురించి మా పిల్లలు చెప్పే కారణాలు వింటే నీ రాణుల కథే నయమనిపిస్తుంది. మొగులయ్య మేనత్తను ఆ ఊరికే ఇచ్చారు. వాడు లేచి, "నిజమే మేడం, మా అత్త ఏం పని చెయ్యది. నేనెప్పుడు పోయినా పండుకొనే ఉంటది" అన్నాడు. నువ్వు ఏ వేళకు పోతావురా అని అడిగితే, "ఆఖరి బస్సుకు" అన్నాడు. మెహ్‌జబీన్ అని మంచి చురుకైన పిల్ల ఉంది. ఆ పిల్ల బెంచీ మీద తల వాల్చి నవ్వడం మొదలుపెట్టి పీరియడ్ అయ్యేదాకా ఆపలేదు. చూసిన ఒక్క వేళను బట్టి మొత్తం చెప్పకూడదని నేర్పడానికి నాకు అంతకంటే మంచి పాఠం దొరకలేదు.

కందికోతలు మొదలవగానే రెండూళ్లకూ వెళ్లి మేమే ఇల్లిల్లూ అడగాలనుకుంటున్నాం.

కృప


పటాన్‌చెరు
28 నవంబర్ 2010

కృపా,

కార్డు ముక్కే దొరికింది. ఆ గోడలకు సున్నం ఎవరు వేయించమన్నారు? నన్ను ఒక్క మాట అడగొద్దా? దయచేసి ఇంకేమీ చేయకు. క్రిస్మస్ బట్టలు మీద పడ్డాయి. తీరిగ్గా రాస్తాను.

సంతోషమ్మ


నారాయణఖేడ్
19 డిసెంబర్ 2010

వదినెకు,

నీ కార్డు చూసి నాలుక కరుచుకున్నాను. నిజమే, నువ్వు ఉండబోయే ఇంటికి రంగు నిన్నడిగి వేయించాలి కదా. సున్నం నీకు నచ్చదని నాకేం తెలుసు? అందుకే దాని మీద గులాబీ రంగు వేయించాను. నా దగ్గరున్న ఫొటోలో నువ్వు కట్టుకున్న చీర రంగే. సుగ్రా బీ కాసేపు ముక్కున వేలేసుకుంది కానీ తర్వాత అలవాటు పడింది.

ఇప్పుడు అసలు కథ విను. రెండూళ్లకూ పోయి వచ్చాం!

మొదట పై ఊరు. ఏ ఇంటి ముందు నిలబడినా ఆడమనిషే బయటికొచ్చింది. మొగవాళ్లంతా మేస్త్రీ పనులకు హైదరాబాద్ పోయారు. మీరేమైనా పని చేస్తారా అని మెహ్‌జబీన్ ఒక ముసలామెను అడిగింది. "మేం చెయ్యకపోతె గీ కంది దానంతట అదే కోసుకుంటదా బిడ్డా?" అని ఆమె కసురుకుంది. కిందటి లెక్కలప్పుడు ఎవరు జవాబు చెప్పారని అడిగాం. "గప్పుడు గూడ మొగోళ్లు పట్నంల్నే ఉండిరి. మేమే చెప్పినం" అంది.

తర్వాత కింది ఊరు. అక్కడ చెరువుంది, రెండో పంట ఉంది, కాబట్టి మొగవాళ్లు ఊళ్లోనే ఉంటారు. పగటివేళ చాలామంది హోటల్ ముందు చాయ్ తాగుతూ కనిపించారు. మీ ఇంట్లో ఆడవాళ్లు ఏం పని చేస్తారని అడిగితే, "మా ఆడోళ్లా? ఏం చెయ్యరు. ఇంట్లనే ఉంటరు" అని ఒకరి తర్వాత ఒకరు అదే మాట. మొగులయ్య శ్రద్ధగా "పని లేదు, పని లేదు" అని రాసుకుంటూ పోతున్నాడు. అంతలో చేల దిక్కు నుంచి ఆడవాళ్లు నెత్తిన కందికట్టెల మోపులతో వరసగా వచ్చారు. అందులో మొగులయ్య మేనత్త ఒకామె. మేనల్లుడిని చూసి ఆగి, "ఏం రాస్తున్నవ్‌రా?" అంది. వాడు నిజాయితీ గల పిల్లవాడు. "నువ్వేం పని చెయ్యవని రాస్తున్న అత్తా" అన్నాడు. ఆమె మోపు దించి వాడి నెత్తిన పెట్టింది. "ఇంటిదాక మోసుకొచ్చి, అప్పుడు రాయ్" అని ముందు నడిచింది. హోటల్ ముందున్న మొగవాళ్లు చాయ్ గ్లాసుల్లోకి చూసుకుంటూ కూర్చున్నారు.

ఆ తర్వాత ఆడవాళ్లనే కూర్చోబెట్టి అడిగాం. కింది ఊరి లెక్క పై ఊరి లెక్కకు దాదాపు సమానంగా వచ్చింది. నేలలో తేడా లేదు, పనిలో తేడా లేదు. లెక్కలవాళ్లు వచ్చినప్పుడు ఎవరు తలుపు తీశారన్నదే తేడా! పిల్లలు బస్సులో పాటలు పాడుకుంటూ వచ్చారు. మొగులయ్య మాత్రం మెడ పట్టేసి తల తిప్పకుండా కూర్చున్నాడు.

ఈ సంగతి అందరికంటే ముందు నీకే చెప్పాలనిపించింది. నువ్వొచ్చాక మా క్లాసు చూపిస్తాను.

కృప


పటాన్‌చెరు
2 జనవరి 2011

కృపా,

కొత్త సంవత్సరంలో మొదటి ఉత్తరం కోపంతో రాస్తున్నాను. తట్టుకో.

మొగులయ్య మేనత్త కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఆమె ఇక్కడ ఉంటే నీ నెత్తిన కూడా ఒక మోపు పెట్టించేదాన్ని. కింది ఊరి మొగవాళ్లు "ఇంట్లనే ఉంటరు" అన్నారని నీ పిల్లలకు పాఠం చెప్పావు. "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు, ఎక్కడున్నా నీకొకటే కదా" అని నాకు రాసింది ఎవరు? ఆ మొగవాళ్లు కాదు కదా!

మా ఇంట్లో తలుపు తీసేది మీ అన్న. ఫోన్ ఎత్తేది మీ అన్న. నారాయణఖేడ్ వస్తున్నామని నీకు చెప్పింది కూడా మీ అన్నే. సంతోషమ్మా, నీకు రావాలనుందా అని ఒక్కరైనా అడిగారా? పెట్టె సర్దుకున్నానని నేను ఎగతాళికి రాస్తే నువ్వు సున్నం వేయించావు. సున్నం ఎందుకని అడిగితే గులాబీ రంగు వేయించావు. ఇంకొక ఉత్తరం రాస్తే గుమ్మానికి తోరణాలు కట్టేస్తావేమోనని భయపడి ఇన్నాళ్లూ రాయలేదు.

నేను రాను కృపా. రాలేను. ఈ రోడ్డు మీది గదిలో మిషన్ పెట్టి, ఒక్కో జాకెట్టుకు ఒక్కో ఇంటి బేరం సంపాదించుకున్నాను. ఇప్పుడు రెండు బడుల యూనిఫారాలు నావి. ఇద్దరు ఆడపిల్లలు నా దగ్గర పని నేర్చుకుంటున్నారు. రోడ్డుకు తలుపు లేదు, పగలు కరెంటు లేదు, ఒక్క మనిషి తొంగి చూడడని నువ్వు గొప్పగా రాశావు. అలాంటి చోట నా మిషన్ తుప్పు పట్టిపోతుంది, దాంతో పాటు నేను కూడా. నీ ఉత్తరం చదివి మిషన్ మీద తలపెట్టి ఏడ్చాను. షైనీ చూసి సూది గుచ్చుకుందేమో అనుకుంది.

మీ అన్నకు చెప్పొచ్చు కదా అంటావు. ఒకసారి చెప్పాను. ఆయన మొహం చూసి సగంలో ఆపేశాను. దానికొక కారణం ఉంది. అది నేను రాయాల్సింది కాదు.

కోపం వెళ్లగక్కాను కాబట్టి ఇప్పుడు మంచిగా ఉన్నాను. ఇది మాత్రం మీ అన్న చెప్పింది కాదు, నేను చెబుతున్నది.

సంతోషమ్మ


నారాయణఖేడ్
16 జనవరి 2011

వదినెకు,

సిగ్గుతో చచ్చిపోయాను. నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట కూడా కాదనడానికి లేదు. రోడ్డు వైపు తలుపు ఎందుకడుగుతున్నావో నాకు తట్టలేదు చూడు! పిల్లలకు నేర్పే నాకు బుద్ధి లేకపోయింది. నన్ను క్షమించమని అడగను, తిట్టడం మానొద్దని మాత్రం అడుగుతాను.

పోర్షన్ సంగతి తేలిపోయింది. పశువుల డాక్టర్ ఒకతను అద్దెకు దిగాడు. పెళ్లి కాలేదు. గులాబీ రంగు చూసి మురిసిపోయాడని సుగ్రా బీ చెప్పింది.

అన్నకు ఫోన్ చేశాను, గట్టిగానే మాట్లాడాను. "ఒక్కని జీతంతోని ఇల్లు నడుస్తదనుకుంటున్నవా అన్నా? వదినె చేసేది పని కాదా? ఆమెను అడగకుండ మూట ఎట్ల కడతవ్?" అని కడిగేశాను. అంతా విని "పెడత" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. కోపమొచ్చిందేమో. రానీ! ఆ కారణమేదో రాయనన్నావు కాబట్టి నేనూ అడగను. కానీ నీ సంపాదన చూసి ఓర్వలేక ఇదంతా చేస్తున్నాడని నాకనిపిస్తున్నది.

ఇంకొక మాట. వచ్చే నెల జనాభా లెక్కలవాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు. గడిచిన ఏడాదిలో ఆరు నెలలైనా పని చేశారా అని ఇంట్లో ఒక్కొక్కరి గురించి అడుగుతారు. ఆరు నెలలు దాటితే ఒక గడి, దాటకపోతే వేరే గడి. నువ్వే తలుపు తియ్ వదినె. ఆ వేళకు అన్నను కూరగాయలకు పంపించెయ్. నీ పని నువ్వే చెప్పుకో. మా పిల్లలందరికీ వాళ్ల అమ్మల విషయంలో ఇదే హోంవర్క్ ఇచ్చాను.

కృప


పటాన్‌చెరు
22 ఫిబ్రవరి 2011

కృపా,

ముందు ఆ పశువుల డాక్టర్ పేరు రాయి. జీతం, చదువు తర్వాత కనుక్కుందాం. గులాబీ రంగుకు మురిసిపోయే మొగవాడు అంత సులభంగా దొరకడు.

లెక్కలవాళ్లు వచ్చిపోయారు. వచ్చింది ఒక టీచరమ్మ. ఆదివారం చర్చి నుంచి వచ్చి నేను మిషన్ ఎక్కాను. తలుపు నేనే తీయాలని గట్టిగా అనుకున్నాను కానీ, ఆమె వచ్చేసరికి అంగీ కాలర్ సగం సూది కింద ఉంది. లేచే లోపలే మీ అన్న పోయి తలుపు తీశాడు. నీ పాఠమంతా మట్టిలో కలిసిందనుకున్నాను.

ఆమె పేర్లు, వయసులు, చదువులు రాసుకుంది. తర్వాత నా వైపు చూసి, "ఆమె ఇంట్లనే ఉంటది కదా?" అని గడి నింపబోయింది. పాపం, ఎండలో తిరిగి అలిసిపోయి ఉంది. ఊ అంటే అయిపోయేది.

"ఆగు మేడం. గట్ల రాయకు" అన్నాడు మీ అన్న. "ఆమె పని చేస్తది. ఏడాది పొడుగునా చేస్తది. జూన్ నుంచి గీ ఇల్లు ఆమె మిషన్ మీదనే నడుస్తున్నది. ఆరు నెలలు నిండనిది నాకు."

టీచరమ్మ పెన్ను ఆపి, "మరి మీకేం రాయమంటరు?" అంది.

"ఉన్నదే రాయి" అన్నాడు.

ఇప్పుడు కారణం రాయొచ్చు కృపా, ఆయనే బయట పెట్టాడు కాబట్టి. నిరుడు జూన్‌లో కంపెనీలో కాంట్రాక్టు వాళ్లను తీసేశారు. మీ అన్న కూడా అందులో ఉన్నాడు. అప్పటినుంచి లోడింగ్‌కు పిలిస్తే పోవడం, లేకపోతే ఇంట్లో ఉండటం. చెల్లెలికి తెలిస్తే చిన్నతనమని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. పోస్ట్‌మాన్ వేళకు ఇంట్లో ఉన్నది సరసానికి కాదు. ఇక్కడ అందరి కళ్ల ముందు పగలు ఇంట్లో కూర్చోలేక నారాయణఖేడ్ పోదామన్నాడు. నన్ను చూసి ఓర్వలేక కాదు. నువ్వు ఒక్కని జీతం అంటూ ఫోన్‌లో కడిగినప్పుడు ఆ జీతమే లేదని ఎట్లా చెబుతాడు? నువ్వు తెలియక అన్నావు, నీ మీద నాకు కోపం లేదు. ఆయనకూ లేదు.

టీచరమ్మ పోయాక కూడా నేను మిషన్ మీద నుంచి లేవలేదు. లేస్తే ఏడుపు ఆగదని తెలుసు. కాలర్ వంకర పోయింది. ఆయన వచ్చి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "ఇగ పోదామనను" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి మీద నాకు ఇంత ప్రేమ కలగడం ఇదే మొదలు. ఈ మాట నీ క్లాసులో చదవకు.

నేను రాసింది అయిపోయింది. కింద కొంచెం జాగా వదిలిపెట్టమని ఒకాయన పక్కన నిలబడి అడుగుతున్నాడు.

సంతోషమ్మ

చెల్లె కృపకు,

ఆ దినం ఫోన్ కోపంతోని పెట్టెయ్యలేదు. చెప్పనీకె నోరు రాలేదు. ఇప్పుడు మీ వదినె దగ్గర గుండీలు కుట్టుడు నేర్చుకుంటున్న. మొదటి అంగీకి గుండీలు ఒక దిక్కు, కాజాలు ఒక దిక్కు పడ్డయి. నేర్చుకునే పిల్లలిద్దరు నవ్విన్రు. మీ వదినె అన్నీ విప్పించి మళ్ల కుట్టించింది. రెండోది మంచిగొచ్చింది, బడి పిల్లగాడు తొడుక్కొని పోయిండు. నన్ను ఏ గడిల రాయాల్నో మీ పిల్లలను అడిగి చెప్పు. ఆరు నెలలు నిండేదాక ఆగుమంటె ఆగుత.

హనోకు